చిన్న కంప్యూటరుతో ఇంటి పాటల పెట్టె

నెల్లూరు జిల్లాలోని మా బోగోలునకు రైలు స్టేషను బిట్రగుంట. ఆవిరి ఇంజనుల కాలములో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండెడిది. మా తండ్రిగారు అందులో ఫిట్టరుగా పనిచేసిరి. చిన్నతనమున నేను ఆయనకు భోజనపు క్యారియరు తీసికొనిపోయి, యార్డు ప్రక్కన నిలుచుండి ఒక పనిని వింతగా చూచుచుండెడివాడను. దూరమునుండి వచ్చిన గూడ్సు బండి ఆగును. అలసిన ఇంజనును విప్పి షెడ్డునకు పంపుదురు. బొగ్గు, నీరు నింపుకొన్న మరియొక ఇంజను వచ్చి బండికి తగులుకొనును. పెట్టెలలోని ధాన్యమును గాని సిమెంటును గాని ఎవ్వరును దింపరు. ఇంజను మారును, సరకు మాత్రము కదలదు.

ఈ దృశ్యము నాకు 2023వ సంవత్సరము డిసెంబరు నెలలో మరల జ్ఞప్తికి వచ్చినది. మా ఇంటిలో పాటలు వినిపించు చిన్న కంప్యూటరు ఒకటి ఉన్నది. ఆ నెలలో నా తొందరపాటు వలన అందులోనుండి మా తల్లిగారు పాడిన పాటలు నాలుగు పోయినవి. అవి తిరిగి దొరకలేదు. ఆ నష్టము ఎట్లు కలిగినదో, ఇతరుల ఇండ్లలో అది కలుగకుండుటకు ఏమి చేయవలెనో చెప్పుటయే నా ముఖ్యోద్దేశము. అయితే ముందుగా ఆ యంత్రమెట్టిదో, దానిని ఇంటిలో ఎట్లు నెలకొల్పుకొనవచ్చునో తెలిసికొందము.

యంత్రము, దానిని నడుపు విద్య

అరచేతిలో ఇమిడిపోవు కంప్యూటరులలో మిక్కిలి ప్రసిద్ధమైనది రాస్ప్‌బెర్రీ పై. బాలబాలికలు తక్కువ వెలతో కంప్యూటరు విద్య నేర్చుకొనవలెనను తలంపుతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో దీనిని రూపొందించిరి. 2012 ఫిబ్రవరి 29వ తేదీన ఇది మొదటిసారి అమ్మకమునకు వచ్చినది. దాని ప్రధానమైన నమూనాల పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. అనగా పాటల క్యాసెట్టు కంటె కొంచెము చిన్నదే. దానికి తెర లేదు, మీటల పలక లేదు. హార్డు డిస్కునకు బదులుగా గోరంత మెమరీ కార్డు ఉండును. పాటలు వినిపించునపుడు సాధారణముగా అయిదారు వాట్లకు మించి విద్యుత్తును వాడదు. కావున దినమంతయు నడచినను కరెంటు బిల్లునకు బరువు కాదు.

యంత్రము ఉన్నంతమాత్రమున చాలదు. దానిని నడుపు ఆపరేటింగ్ సిస్టము కావలెను. ఇట్టి చిన్న కంప్యూటరులలో ఆ పని చేయునది లినక్స్. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాని కేంద్రభాగమును వ్రాసి లోకమునకు వెల్లడించెను. అంతకు ముందు, 1983లోనే, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ సాఫ్ట్‌వేరును అందరును చదువుటకు, మార్చుటకు, పంచుకొనుటకు హక్కు ఉండవలెనని గ్నూ ప్రయత్నమును ఆరంభించెను. ఆ రెండును కలిసినందున నేడు మనకు ఈ సౌకర్యము లభించినది. మన ఇండ్లలో ఆవకాయ కొలతలు ఒకరి నుండి ఒకరికి చేరినట్లు, లినక్స్ కూడ చేతులు మారుచు, మెరుగుపడుచు వచ్చినది. ఒకరి కొలతలలో కారము తగ్గవచ్చును, మరియొకరు వెల్లుల్లి చేర్పవచ్చును. ఎవ్వరును తలుపు మూసికొని దాచరు. మన భాషలోను ఈ కృషి జరిగినది. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు ‘స్వేచ్ఛ’ అను సంస్థ వారు డెబియన్ అను లినక్స్ రూపమును ఆధారముగా గొని తెలుగులో ఆపరేటింగ్ సిస్టమును సిద్ధపరచిరి.

పాటలు వినిపించుటకే ప్రత్యేకముగా కూర్చిన లినక్స్ రూపములు కొన్ని కలవు. వాల్యూమియో, మూడ్, పైకోర్‌ప్లేయర్ అనునవి వానిలో పేరు పొందినవి. మొదటి రెండింటి లోపల పాటను వినిపించు పని చేయునది మ్యూజిక్ ప్లేయర్ డీమన్ అను ప్రోగ్రాము. ఇది 2003 నుండి వాడుకలో ఉన్నది. ఈ ప్రోగ్రాము తెరవెనుక నుండియే పనిచేయును. మనము చేతిలోని ఫోనులో పాటను ఎన్నుకొనినపుడు, పాట ఫోనులో మ్రోగుట లేదు. ఫోను రేడియో సెట్టు మీది మర వంటిది. సెట్టు వేరుగా, గూటిలో, తన పని తాను చేయుచుండును. అందువలన ఫోనునకు పిలుపు వచ్చినను, ఫోను తీసికొని బయటకు పోయినను పాట ఆగదు.

పాట అంకెలగుట

టేపు మీది పాటను కంప్యూటరులోనికి ఎక్కించుట అనగా ధ్వనిని అంకెలుగా మార్చుట. సంగీతపు కాంపాక్టు డిస్కులలో అనుసరించు పద్ధతిని చూడుడు. ధ్వని తరంగము ఎత్తును సెకనుకు 44,100 సారులు కొలుతురు. ప్రతి కొలతను 16 బిట్లతో వ్రాయుదురు. కుడి ఎడమలకు వేరు వేరుగా వ్రాయుదురు. ఈ లెక్కన ఒక నిమిషపు పాటకు పది మెగాబైట్లకు పైగా చోటు కావలెను. అరువది నిమిషముల క్యాసెట్టునకు సుమారు 635 మెగాబైట్లు పట్టును.

ఈ చోటును తగ్గించుటకు రెండు మార్గములు కలవు. ఎం.పి.3 అను పద్ధతి చెవికి అంతగా తెలియని భాగములను తీసివేసి, పాటను చాల చిన్నదిగా చేయును. తీసివేసిన భాగము మరల రాదు. ఫ్లాక్ అను పద్ధతి వేరు. అది చీరను మడత పెట్టినట్లు మడచును గాని కత్తిరింపదు. విప్పినపుడు ఒక్క అంకెయు పోకుండ మొదటి పాటయే వచ్చును. పాటను బట్టి మారినను, సుమారు సగము చోటు కలిసివచ్చును. ఆ లెక్కన 32 గిగాబైట్ల పెన్‌డ్రైవులో అటువంటి క్యాసెట్టులు దాదాపు నూరు భద్రపరచవచ్చును. బజారులో దొరకు సినిమా పాటలను ఎం.పి.3 గా ఉంచుకొనినను చింత లేదు. ఇంటివారి గొంతును మాత్రము ఫ్లాక్ రూపముననే ఉంచుకొనుడు. దానికి బజారులో మరియొక ప్రతి దొరకదు.

సమకూర్చుకొనవలసినవి

చిన్న కంప్యూటరు ఒకటి, దానికి తగిన పవర్ అడాప్టరు, 16 లేక 32 గిగాబైట్ల మెమరీ కార్డులు రెండు, పాటలకు పెన్‌డ్రైవు గాని బాహ్య హార్డు డిస్కు గాని ఒకటి, యాంప్లిఫయరు, స్పీకర్లు. కార్డులు రెండు ఎందులకో తరువాత చెప్పుదును.

అడాప్టరు విషయమున పొదుపు పనికిరాదు. రాస్ప్‌బెర్రీ పై 4కు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు ఇచ్చు అడాప్టరు కావలెను. ఇంటిలో పడియున్న పాత ఫోను చార్జరు తగిలించినచో, వెలుగు వచ్చును గాని పాట మధ్యలో యంత్రము తనంత తాను ఆగి మరల మొదలగును. పలువురు దీనిని సాఫ్ట్‌వేరు దోషమని పొరపడుదురు.

ధ్వని బయటకు వచ్చు మార్గమును కూడ ముందే చూచుకొనవలెను. రాస్ప్‌బెర్రీ పై 4లో హెడ్‌ఫోను రంధ్రము ఉన్నది, పై 5లో లేదు. ఉన్నదానిలోను ధ్వని సామాన్యముగానే ఉండును. అంకెలను ధ్వనిగా మార్చు డాక్ అను చిన్న పరికరమును యు.ఎస్.బి. ద్వారా గాని, కంప్యూటరు పైననే పలకగా గాని అమర్చినచో తంబురా శ్రుతియు, మృదంగపు తొప్పి నాదమును స్పష్టముగా వినబడును.

మా తీరమున ఉప్పుగాలి లోహమును తినివేయును. కావున కంప్యూటరును గాలి ఆడు రంధ్రములున్న డబ్బాలో ఉంచి, సముద్రపు గాలి నేరుగా తగులు కిటికీకి దూరముగా పెట్టుట మేలు.

కార్డును సిద్ధపరచుట

మనము ఎన్నుకొన్న సాఫ్ట్‌వేరును దాని తయారీదారుల వద్దనుండియే దింపుకొనవలెను. ఆ ఫైలు ప్రక్కన చెక్‌సమ్ అను పొడవైన అంకెల, అక్షరముల వరుస ఇచ్చియుందురు. మన కంప్యూటరులో లెక్కించిన వరుసయు, వారిచ్చిన వరుసయు ఒక్కటే అయినచో ఫైలు చెక్కుచెదరక చేరినదని అర్థము.

తరువాత రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అను ప్రోగ్రాముతో ఆ ఫైలును కార్డు మీద వ్రాయవలెను. ఊరక కాపీ చేసినచో పనిచేయదు. ఇచ్చట ఒక హెచ్చరిక. వ్రాయుటకు ముందు కార్డు మీద ఉన్నది యావత్తును తుడిచిపెట్టబడును. కంప్యూటరునకు పెన్‌డ్రైవులు, డిస్కులు తగిలియున్నచో వానిని ముందే తీసివేయుడు. ఏ పరికరము మీద వ్రాయవలెనని అడుగుచోట పేరును, పరిమాణమును రెండు మారులు చదువుడు. వ్రాసిన పిదప అది తానే సరిచూచుకొనును. ఆ సరిచూచుటను ఆలస్యమగుచున్నదని మధ్యలో ఆపరాదు.

మొదటిసారి నడుపుట

కార్డును కంప్యూటరులో పెట్టి, వీలైనచో రౌటరు నుండి కేబులు తగిలించి, చివరగా కరెంటు ఇవ్వవలెను. మొదటిసారి కొన్ని నిమిషములు పట్టును. అది కార్డులోని మిగిలిన చోటును తన క్రిందికి తెచ్చుకొనుచుండును. ఈ సమయమున ఏమియు జరుగుట లేదని ప్లగ్గు తీయరాదు.

పిమ్మట అదే వైఫైలో ఉన్న ఫోనులో బ్రౌజరు తెరచి, ‘వాల్యూమియో.లోకల్’ అనియో, ‘మూడ్.లోకల్’ అనియో ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినచో యంత్రపు పుట కనబడును. కొన్ని ఫోనులలో ఈ పేరు పనిచేయదు. అప్పుడు రౌటరు పుటలోనికి పోయి, ఇంటిలో కలిసియున్న పరికరముల పట్టికలో దాని అంకెల చిరునామాను చూచి వ్రాయవలెను. కేబులు లేని ఇండ్లలో వాల్యూమియో తానే ఒక వైఫైని సృష్టించును. ఫోనును దానికి కలిపి, మన ఇంటి వైఫై పేరును, రహస్యపదమును తెలుపవచ్చును.

లోనికి ప్రవేశించిన తరువాత ధ్వని ఏ మార్గమున పోవలెనో ఎన్నుకొనవలెను. శబ్దమును మిక్కిలి తగ్గించి మొదటి పాట పెట్టుడు. కొన్ని డాక్‌లు పూర్తి శబ్దముతో మొదలగును. అందువలన స్పీకరు కాగితము చినుగును, ఇంటిలోని పసిబిడ్డలు జడిసికొందురు. మొదటనే ఇచ్చియున్న రహస్యపదమును మార్చుట కూడ అప్పుడే చేయవలెను.

పాటలున్న పెన్‌డ్రైవు తగిలించినపుడు యంత్రము పాటల జాబితా తయారు చేసికొనును. వేల పాటలున్నచో కొంత కాలము పట్టును.

ఇంటర్నెట్టు రేడియో కూడ ఇందులోనే కలదు. 1938లో మద్రాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము ఆరంభమైనప్పటి నుండి మా తీరము వారు ఏరియలు తీగ కట్టి, గరగర శబ్దముల నడుమ ఆ ప్రసారములు వినెడివారు. నేడు ఆకాశవాణి తెలుగు ప్రసారములు ఇంటర్నెట్టు ద్వారాను లభించుచున్నవి. వాని చిరునామాను ఒకసారి యంత్రమునకు తెలిపిన చాలును, స్టేషను పేరు మీద వ్రేలు పెట్టగనే వినవచ్చును.

తెలుగు పేర్ల విషయము

పాటల ఫైలులకు తెలుగులోనే పేరు పెట్టవచ్చును. ఫోనులో చక్కగా కనబడును. కాని ఒక చిక్కు ఉన్నది. లినక్స్ సాధారణముగా వాడు ఫైలు పద్ధతిలో పేరు 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరము ఒక బైటు. తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘శ్రీ’ అను అక్షరము మనకు ఒక్కటియే. కంప్యూటరునకు అది శకారము, పొల్లు, రేఫము, దీర్ఘము కలిసి నాలుగు సంకేతములు, అనగా పండ్రెండు బైట్లు. మొత్తము మీద తెలుగు పేరునకు 85 సంకేతములే హద్దు. పాట మొదటి చరణమును, పాడినవారి పేరును, రాగమును, సంవత్సరమును అన్నింటిని ఫైలు పేరులోనే కూర్చినచో, ఇతర కంప్యూటరులో సరిగా ఉన్న పాట ఇక్కడికి కాపీ కాదు. పేరు చిన్నదిగా పెట్టి, మిగిలిన వివరములను ఫైలు లోపలి ట్యాగులలో వ్రాసికొనుట మంచిది.

పాత రేడియోకు కలుపుట

వాల్వుల రేడియోను అపురూపముగా దాచుకొన్న ఇండ్లు ఇప్పటికిని కలవు. అట్టి సెట్లలో అనేకమునకు వెనుక గ్రామఫోను తగిలించుటకు రంధ్రములు ఉండును. చిన్న కంప్యూటరులోని పాటను వాని ద్వారా పంపి, ఆ పాత స్పీకరులోనే వినవచ్చును. కాని ఈ పనిని తమంతట తాము చేయరాదు. ఎ.సి./డి.సి. అను రకపు సెట్లలో లోపలి ఇనుప చట్రము కరెంటు తీగతో నేరుగా కలిసియుండును. దానికి కంప్యూటరును తగిలించినచో యంత్రమునకే కాక మనుష్యులకు కూడ ప్రాణాపాయము. మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్టునే, తెలిసిన మెకానిక్కు పరీక్షించిన పిదపనే వాడవలెను. కుడి ఎడమ ధ్వనులను నేరుగా ముడివేయక, చిన్న రెసిస్టరుల ద్వారా కలుపవలెను.

నాకు జరిగినది

ఇక అసలు విషయమునకు వత్తును. 1987లో మా తల్లిగారు పాడిన లాలిపాటలు, మంగళహారతులు పదునొకండు క్యాసెట్టు మీద పట్టియుంటిమి. తేమకు టేపు బూజు పట్టుచుండగా, 2019లో వానిని కంప్యూటరులోనికి ఎక్కించితిని. ఇక భయము లేదని ఆ క్యాసెట్టును పారవేసితిమి. పాటలను పెన్‌డ్రైవులో పెట్టక, సాఫ్ట్‌వేరు ఉన్న మెమరీ కార్డులోనే పెట్టితిని. చోటు ఉన్నది గదా అనుకొంటిని.

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అంతకు రెండు దినముల ముందు, ఆదివారము నాడు, వానకు బయటకు పోలేక ఏదైన పని చేయుదమని యంత్రమునకు అప్‌డేటు మొదలుపెట్టితిని. సగములో కరెంటు పోయినది. మా ఇన్వర్టరు బ్యాటరీ పాతది, అదియు నిలువలేదు. కరెంటు వచ్చిన తరువాత యంత్రము లేవలేదు.

కార్డును తీసి ఇంటిలోని కంప్యూటరులో పెట్టగా, దీనిని ఫార్మాటు చేసినగాని వాడుటకు వీలు లేదు, చేయుదునా అని అడిగినది. కార్డు చెడినదని తలచి సరే అంటిని. దాని మీదనే సాఫ్ట్‌వేరును క్రొత్తగా వ్రాసితిని. యంత్రము వెంటనే లేచి కూర్చున్నది. నేను సంతోషించితిని. జాబితా తెరచి చూచినపుడు గాని నేను చేసినదేమో నాకు తెలియలేదు.

మా మేనల్లుడు చెన్నైలో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. అతడు వచ్చి రెండు దినములు కార్డును శోధించెను. ఒక్క పాటయు దొరకలేదు. చివరకు అతడు చెప్పిన మాట ఇది: “కార్డు చెడిపోలేదు మామా. ఇంజను ఒక్కటే ఆగింది, పెట్టెలు బాగానే ఉన్నాయి. దాని మీదే మళ్ళీ రాయకుండా పక్కన పెట్టి ఉంటే పాటలన్నీ తీసి ఇచ్చేవాణ్ణి.”

విండోస్ కంప్యూటరులు లినక్స్ విభాగమును తమంతట తాము చదువలేవు. చదువలేక అడుగు ప్రశ్నయే ఆ ఫార్మాటు ప్రశ్న. కార్డు చెడినదని దానికి అర్థము కాదు. అదే కార్డును మరియొక లినక్స్ కంప్యూటరులో పెట్టియున్నచో పాటలు కనబడియుండెడివి. కరెంటు పోవుట వలన చెడినది సాఫ్ట్‌వేరు మాత్రమే. పాటలను పోగొట్టినది నా చేయి. గూడూరులోని మా చెల్లెలు ఎప్పుడో తన ఫోనులోనికి ఏడు పాటలు ఎక్కించుకొనియున్నందున అవి మిగిలినవి. మిగిలిన నాలుగింటిలో ఒకటి మా చెల్లెలి కుమార్తెను ఊచుచు పాడిన లాలి.

ఇంజను మార్చు పద్ధతి

అప్‌డేటు చేయుటకు భయపడి ఊరకుండుమని నా అభిప్రాయము కాదు. ఇంటర్నెట్టుతో సంబంధమున్న యంత్రములోని సాఫ్ట్‌వేరు దోషములను కాలానుగుణముగా సవరించుకొనవలెను. రేడియో ప్రసారముల పద్ధతులు మారుచుండును, వానికి తగినట్లు యంత్రమును మారవలెను. మారుటకు మాత్రము ఒక క్రమము ఉన్నది.

వాల్యూమియో వంటివానిలో తయారుచేసినవారు కార్డును భాగములుగా విభజించియుందురు. ఒక భాగములో యంత్రమును మేల్కొలుపు ఫైలులు, మరియొక భాగములో సాఫ్ట్‌వేరు అంతయు చదువుటకు మాత్రమే వీలగు ఒక మూటగా, ఇంకొక భాగములో మన అమరికలు ఉండును. చిన్న అప్‌డేటులో పాత మూట స్థానమున క్రొత్త మూట వచ్చును, మన అమరికలు నిలుచును. ఇది బిట్రగుంట యార్డులో జరిగినదే. పైకోర్‌ప్లేయర్ మరియొక మార్గము త్రొక్కినది. అది లేచినపుడు సాఫ్ట్‌వేరును పూర్తిగా తాత్కాలికమైన జ్ఞాపకమునకు ఎక్కించుకొని పనిచేయును. కార్డు మీద ఊరక వ్రాయుచుండదు గనుక, హఠాత్తుగా కరెంటు పోయినను దానికి హాని తక్కువ. కరెంటు కోతలు మెండుగా ఉన్న గ్రామములకు అది యోగ్యమైనది.

పెద్ద మార్పు వచ్చినపుడు, అనగా పునాదిలోని లినక్సే మారినపుడు, చాలసారులు లోపలి నుండి అప్‌డేటు చేయుటకు వీలుపడదు. కార్డును మొదటి నుండి వ్రాసికొనవలెను. విడుదలతో పాటు ఇచ్చు సూచనలలో ఆ సంగతి ఉండును. మొదలుపెట్టుటకు ముందు వానిని చదువుట అవసరము.

నేనిప్పుడు అనుసరించుచున్న పద్ధతి ఇట్లున్నది. మొదటిది, పాటలు కార్డులో ఉంచరాదు, వేరు డ్రైవులో ఉంచవలెను. రెండవది, ఆ డ్రైవునకు రెండు ప్రతులు ఉండవలెను, అందొకటి వేరు ఇంటిలో ఉండవలెను. వరద నీరు ఒక ఇంటిలోని మూడు ప్రతులను కూడ ఒకేసారి ముంచగలదు. మూడవది, క్రొత్త సాఫ్ట్‌వేరును రెండవ కార్డు మీద వ్రాయవలెను. మొదటి కార్డును ముట్టరాదు. క్రొత్తది కుదరనిచో, పాతదానిని తిరిగి పెట్టిన నిమిషములో పాట మొదలగును. షెడ్డులో ఎల్లప్పుడు ఒక ఇంజను ఆవిరి పట్టి సిద్ధముగా ఉండునని మా తండ్రిగారు చెప్పెడివారు. రెండు కార్డులు కొనుడని నేను చెప్పుటకు కారణమిదియే.

నాలుగవది, డాక్ పేరు, రేడియో చిరునామాలు, వైఫై వివరములు ఒక కాగితము మీద వ్రాసి యంత్రపు డబ్బాకు అంటింపవలెను. అయిదవది, గాలివాన దినములలో అప్‌డేటు తలపెట్టరాదు. బ్యాటరీ బాగున్న ఇన్వర్టరు మీద యంత్రమును, రౌటరును రెండింటిని ఉంచుకొనవలెను. ఆరవది, యంత్రమును ఆపదలచినపుడు ప్లగ్గు పీకక, పుటలోని ఆపు మీటను నొక్కి, పాత నమూనాలలో ఆకుపచ్చ దీపము మిణుకుట మానిన తరువాతనే కరెంటు తీయవలెను.

అప్‌డేటు ముగిసిన పిదప నాలుగు విషయములు చూచుకొనుడు: ధ్వని వచ్చుచున్నదా, పాటల జాబితా పూర్తిగా ఉన్నదా, రేడియో పలుకుచున్నదా, గడియారము సరిగా ఉన్నదా. గడియారపు మాట వినుటకు వింతగా ఉండవచ్చును. పై 4 వరకు వచ్చిన నమూనాలలో కాలమును జ్ఞాపకముంచు బ్యాటరీ గడియారము లేదు. కరెంటు వచ్చినపుడెల్ల ఇంటర్నెట్టు నుండి సమయము తెలిసికొనును. ఇంటర్నెట్టు ఆలస్యముగా వచ్చినచో తేదీ తప్పుగా ఉండి, రక్షణ కలిగిన రేడియో ప్రసారములు తెరచుకొనవు. యంత్రమును ఆపి మరల నడిపించినచో తరుచుగా ఆ దోషము పోవును.

ఇంటి బయటనుండి కూడ యంత్రమును నడుపవలెనను కోరికతో రౌటరులో ద్వారము తెరచియుంచరాదు. ఇది ఇంటిలోని పాటల పెట్టె. ఇంటిలోనే ఉండనిండు.

మా తల్లిగారి ఏడు పాటలు నేడు మూడు చోటుల ఉన్నవి: బోగోలులో మా గూటిలో, గూడూరులో మా చెల్లెలి ఇంటిలో, చెన్నైలో మేనల్లుని యొద్ద. నెలకొకసారి కాకున్నను, సంక్రాంతికి అందరును కలిసినపుడు మూడు ప్రతులను తెరచి, పాట ఆరంభము, మధ్యము, చివర విని చూచుకొందుము. ప్రతి ఉన్నదని నమ్ముట వేరు, అది పలుకుచున్నదని వినుట వేరు.

ఈ ప్రసంగమును చదివినవారు చిన్న కంప్యూటరు కొనవచ్చును, కొనకపోవచ్చును. అది వారి ఇష్టము. కాని బీరువాలో ఒక్క క్యాసెట్టు మీదనో, ఒక్క ఫోనులోనో, ఒక్క కార్డులోనో పెద్దవారి గొంతు ఉన్నచో, రేపటి వరకు ఆగక నేడే దానికి రెండవ ప్రతి తీసి, దూరముననున్న ఒక బంధువు ఇంటికి పంపుడు.